ఆదరణ కూడికకు తాళం వేసిన హాలు

ఎడిసన్‌లో మేమున్న అపార్ట్‌మెంట్లు, ఇళ్లు అద్దెకిచ్చే ఒక హౌసింగ్ అసోసియేషన్‌వి. ఎనభైల మొదట్లో నేను ఆ దగ్గర్లోని ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. అన్ని జాతులవాళ్లకూ ఇళ్లిస్తామని వాళ్ల ఆఫీసు గోడమీద బోర్డు ఉండేది. ఇచ్చారు, కాదనను. ఆ ఇళ్లల్లో మనుషులెలా బతుకుతారో మాత్రం ఎవరూ అడగలేదు.

బాపట్లలో అమ్మ చనిపోయిందని టెలిగ్రామ్ వచ్చింది. నాకింకా గ్రీన్‌కార్డు రాలేదు. వెళ్తే తిరిగి రానిస్తారో లేదోనని వెళ్లలేదు. ఆదివారం మధ్యాహ్నం మా తెలుగు చర్చివాళ్లు నన్ను ఓదార్చి ప్రార్థన చేయడానికి, ఆదరణ కూడికకు వచ్చారు. గది చాలక కొందరు మెట్లమీద కూర్చున్నారు. రెండో కీర్తన మధ్యలో అసోసియేషన్ మేనేజరు తలుపు కొట్టాడు.

"ఒక్క ఇంట్లో ఇంతమందా? పార్టీలు చేయకూడదని రూలుంది."

"పార్టీ కాదండీ. మా అమ్మ పోయింది. ప్రార్థన చేసుకుంటున్నాం."

"అయ్యో, సారీ. కానీ వీళ్లని పంపించేయండి."

"పోనీ కింద హాలు ఖాళీగానే ఉందిగా, తాళం ఇవ్వండి."

"మీ మతం కార్యక్రమాలకి ఇవ్వం."

మా మతమట! వాళ్లు క్రిస్మస్ చెట్టు పెట్టేదీ, ఈస్టర్ విందు చేసేదీ ఆ హాల్లోనే. చేతిలో ఉన్న బైబిల్ చూపించాను. తెలుగు అక్షరాలు చూసి, "ఇదేమిటో నాకు తెలియదు" అన్నాడు. నేను గుమ్మం దాటి అతని మీదకి వెళ్లబోయాను.

"ఊరుకో, లీజ్ క్యాన్సిల్ చేస్తారు" అని మావారు నా భుజం పట్టుకున్నారు. పాస్టర్ గారు గబగబా దీవెన చెప్పి ముగించారు. అందరూ తెచ్చిన గిన్నెలు తెచ్చినట్టే పట్టుకుని వెళ్లిపోయారు. ఆ సాయంత్రం ఏడ్చాను. అమ్మ కోసం కాదు, ఒళ్లు మండి.

తరవాత అద్దెకున్నవాళ్ల మీటింగుకి డ్యూటీ నుంచి యూనిఫామ్‌తోనే వెళ్లాను. మా కింది ఇంటి పోర్టోరికో ముసలావిడ నాకు తోడొచ్చింది. భర్త పోయినప్పుడు ఆవిడక్కూడా హాలు ఇవ్వలేదట.

"ఇక్కడ అందరూ సమానమే" అన్నాడు అసోసియేషన్ అధ్యక్షుడు.

నేను లేచాను. "నేను క్రిస్టియన్ని కాబట్టి ఇమ్మనడం లేదు. మా పై ఇంటి గుజరాతీవాళ్లకి కాదన్నా ఇలాగే అరుస్తాను. మనిషి పోతే నలుగురం కూర్చుని ఏడ్వడానికి చోటు అడుగుతున్నాం!"

ముసలావిడ నా పక్కన నిలబడి తన భాషలో అంతకంటే గట్టిగా అరిచింది. ఒక్క ముక్కా అర్థం కాలేదు గానీ, నా ప్రాణం లేచొచ్చింది.

చివరికి ఒప్పుకున్నారు. కాకపోతే, ప్రార్థన జరిగినంతసేపూ అసోసియేషన్ మనిషి ఒకడు అక్కడ ఉండాలన్నారు. ముసలావిడ భర్త సంవత్సరీకానికి హాలు తెరిచారు. మేనేజరు చేతులు కట్టుకుని గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నాడు. ఆవిడ అతని వైపు వీపు పెట్టి, పూసల దండ తిప్పుతూ ప్రార్థన మొదలుపెట్టింది. నేనామె పక్కన కూర్చున్నాను.

అమ్మ కూడిక మళ్లీ జరగలేదు. "హాలు సాధించావుగా, ఇంకెందుకు కోపం?" అంటారు మావారు. మా ఏడుపుకి కాపలా పెట్టినవాళ్లమీద కోపం ఎలా పోతుంది? నాకు పోలేదు.