ఉచ్చారణకు పది మార్కులు

అరవైల చివర శ్రీకాకుళం కాలేజీలో నేను తెలుగు ట్యూటర్ని. ఆ రోజుల్లో ఉత్తరాది నుంచి జిల్లాకు వచ్చే ఆఫీసర్లకు తెలుగు పరీక్ష ఉండేది. అది పాసైతే గాని ఉద్యోగం ఖాయం కాదు. ఒక మనిషి నాలుక సరిగా తిరుగుతోందో లేదో తేల్చడానికి ఇద్దరు పరీక్షకులూ ఒక ఎర్ర సిరా కలమూ చాలునని ప్రభుత్వం నమ్మకం. ఆ ఇద్దరిలో రెండోవాణ్ణి నేను.

మొదటివారు మా శాఖలో పెద్ద పండితులు. కృష్ణా తీరం నుంచి బదిలీ మీద వచ్చారు. మా జిల్లా మాటను ఆయన ఒక జబ్బుగా చూసేవారు. నాకు నయమైనందుకు అప్పుడప్పుడు అభినందించేవారు కూడా. మా ఇంట్లో నేను మాట్లాడగా ఆయన వినలేదు.

ఆ ఏడు అభ్యర్థి ఒక్కడే. హిందీవాడు, నాకంటే చిన్నవాడు. గదిలోకి రాగానే పండితులవారు మర్యాదకు లేచారు.

"కూర్సోండి మావా, లేసినారేటి?" అన్నాడు.

పండితులవారు కూర్చున్నారు. పరీక్ష అక్కడే అయిపోయిందని నాకు తెలిసిపోయింది.

పాపం, అతని తెలుగంతా కళింగపట్నం నుంచి వచ్చిన వంటవాడు నేర్పింది. పెద్దవాడు కనిపిస్తే మావా, ఈడువాడైతే బావా. అంతకుమించి వ్యాకరణం అతనికెవరూ చెప్పలేదు.

పుస్తకంలో పాఠం చదివించాం. చకారం వచ్చిన చోటల్లా సకారం పలికాడు. వచ్చిన చోటల్లా ఎర్ర గీత పడింది. తర్వాత సంభాషణ. దానికి ఒక రైతు ఉండాలని నియమం. ఆఫీసుకు ఏదో పనిమీద వచ్చిన కోటబొమ్మాళి రైతును బంట్రోతు పట్టుకొచ్చాడు.

"ఏటి బావా, ఊడుపులైపోనాయా?"

"ఏటి ఊడుపులు బాబూ! కాలవలో నీరు రానేదు."

"పైనోళ్లు కట్టేసినారా?"

"కట్టేసినారు. సెప్తే ఇంతారా? మా సివరి మడులకి ఎప్పుడూ ఇంతే."

"రేపొస్తాను, సూద్దాం. నువ్వు గట్టుమీదుండాల."

ఇక రైతు పరీక్ష సంగతి మరిచిపోయాడు. ఊళ్లో ఎవడు ఎక్కడ గండి కొట్టాడో అన్నీ చెప్పాడు. పండితులవారు చేయి ఊపినా ఆగలేదు. చివరికి లేచి, నా చెవిలో, "ఈ బాబుది మా పక్కూరేటండీ?" అని అడిగి వెళ్లాడు.

"విన్నారా? ఒక్క చకారం లేదు," అన్నారు పండితులవారు.

"రైతుకు అర్థమైందండీ."

"రైతుకు అర్థం కావడం సంభాషణ. ఇది ఉచ్చారణ."

ఎలాగైనా కుర్రవాణ్ణి గట్టెక్కించాలని, "మీ ఊళ్లో పొద్దున్నే ఏం తాగుతారు?" అని అడిగాను.

"చాయ్," అన్నాడు. చకారం గంట కొట్టినట్టు పలికింది.

పండితులవారు ఉలిక్కిపడ్డారు. "వస్తుందే! మరి తెలుగులో ఎందుకు పలకరు?"

"మా బాసలో ఉన్నాదండి. ఇక్కడోళ్లకి నేదు గదా అని సానా కష్టపడి మానీసినాను."

నేను నవ్వాను. నవ్వింది నేనొక్కణ్ణే. తెలియక చేస్తే కనికరించవచ్చునట, తెలిసి చేసినవాడికి సున్నానట. ఉచ్చారణకు ఆయన సున్నా వేశారు. నేను పదికి పది వేశాను. ప్రభుత్వం రెంటినీ కలిపి సగం చేసింది. సగం చాలదు. తప్పాడు.

మళ్లీ పరీక్ష దాకా రోజూ సాయంత్రం పండితులవారింట్లో అరుగుమీద పాఠం. పండితులవారు దేన్నీ సగంలో వదిలే మనిషి కారు. రెండోసారి వచ్చినప్పుడు ఆ కుర్రవాడు "నమస్కారమండీ, తమ అనుమతితో కూర్చుంటాను," అన్నాడు. ఈసారి ఇద్దరి మార్కులూ కలిశాయి. ఉద్యోగం ఖాయమైంది.

కొన్నాళ్లకు కోటబొమ్మాళి రైలు స్టేషన్లో అతను కనిపిస్తే, ఉద్యోగం ఎలా ఉందని అడిగాను.

"బాగానే ఉందండీ. రైతులు దరఖాస్తులు రాయించుకుని వస్తున్నారు. దణ్ణం పెట్టి, బల్లమీద ఉంచి, వెళ్లిపోతున్నారు."

"ఏమీ మాట్లాడరా?"

"చిత్తం అంటారు."

నాకు ఒళ్లు మండింది. "పరీక్ష ఎలాగూ అయిపోయిందిగా! హాయిగా పాత మాటే మాట్లాడవయ్యా."

అతను ప్లాట్‌ఫారం కేసి చూస్తూ, ప్రతి అక్షరం విడివిడిగా పలికాడు.

"ప్రయత్నించి చూశానండీ. వెక్కిరిస్తున్నాననుకుంటున్నారు."