కూత ఆగాక వచ్చే గొంతు

ఇంటర్ మొదటి సంవత్సరం. ఎమ్మిగనూరులో కాలేజీ గ్రౌండు మీద కబడ్డీ ప్రాక్టీసు. నేను రైడర్‌ని. కూత పెట్టి అవతలికి వెళ్లి, ఇద్దరిని తాకి, గీత దాటి వచ్చి ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు వినబడింది, సన్నగా, ఈల వేస్తూ ఏడుస్తున్నట్టు ఒక గొంతు. ఎవరా అని వెనక్కి చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు. అది నా నోట్లోంచే వస్తోంది.

మళ్లీ పీల్చాను, మళ్లీ వచ్చింది. ఛాతీలోకి మాత్రం ఏమీ పోలేదు. కాసేపటికి దానంతటదే ఆగింది. పొలమారిందని చెప్పి నవ్వేశాను. ఇంటికొచ్చి అద్దం ముందు నోరు తెరిచి చూసుకున్నాను. ఏమీ కనబడలేదు.

వారంలో మూడుసార్లు వచ్చేసరికి ఇంట్లో చెప్పక తప్పలేదు. అక్కడే నేను తప్పు చేశాను. మగ్గం మీదున్న మా నాన్నతో, "ఆడేటప్పుడు గాలి పట్టుకుంటాంది నాయనా" అన్నాను. ఊపిరి పట్టేస్తోందని నా ఉద్దేశం. పక్కన కండెలు చుడుతున్న అవ్వకు ఇంకోలా అర్థమైంది.

"పిల్లకు గాలి సోకినాదిరా! ఇంగ ఆటా గీటా ఒద్దు" అంది. ఆ సాయంత్రమే మెడలో తాయెత్తు పడింది.

నేను ఇవన్నీ నమ్మనని పైకి గొప్పగా అనేదాన్ని. లోపల హడలిపోయేదాన్ని. ఆ గొంతు రోజురోజుకూ పెద్దదవుతోంది, నా కూతను నేర్చుకుంటున్నట్టు. జిల్లా జట్టు సెలెక్షన్లు మూడు నెలల్లో ఉన్నాయి. అవ్వ మాట నెగ్గితే నా ఆట అంతటితో సరి.

ఆదోనిలో డాక్టరుగారు, "ఆస్తమా అనుకుంటా. పత్తి దుమ్ము ఉన్న ఊరు కదమ్మా" అని ఇన్‌హేలర్ ఇచ్చారు. నెల వాడినా తేడా లేదు. అవ్వకు బలం వచ్చింది. "రోగమైతే మందుకు లొంగల్ల కదా, సూడు."

ఆ డాక్టరే మమ్మల్ని కర్నూలుకు, ఈఎన్‌టీ దగ్గరికి పంపారు. అక్కడి డాక్టరమ్మ నన్ను మెట్లమీద పరుగెత్తించి, గొంతు మొదలవగానే ముక్కులోంచి సన్నటి స్కోప్ దించారు. స్క్రీన్ మీద తెల్లగా రెండు తలుపురెక్కల్లాంటివి. నేను పీల్చినప్పుడు తెరుచుకోవాల్సినవి దగ్గరికొచ్చి మూసుకుంటున్నాయి.

"ఎవురమ్మా మూస్తాండేది?" అని అడిగింది అవ్వ.

"తనేనమ్మా, తనకు తెలియకుండానే. ఇవి స్వరతంతువులు. పీల్చేటప్పుడు ఇలా మూసుకుపోతే వోకల్ కార్డ్ డిస్‌ఫంక్షన్ అంటారు. ఆటలాడే టీనేజ్ అమ్మాయిల్లో చూస్తుంటాం. లంగ్స్ బాగున్నాయి. దీనికి బ్రీతింగ్ ఎక్సర్‌సైజులే మందు."

దయ్యమైతేనే నయమనిపించింది. నా పీక నేనే నొక్కుకుంటుంటే ఎవరిని తిట్టను?

అదే ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్ట్ మేడం నేర్పింది చిన్న విద్యే. పడుకుని, పొట్ట మీద చేయి పెట్టి ఊపిరి తీయడం. దవడ, భుజాలు బిగించి, వదిలేయడం. పూల వాసన చూసినట్టు ముక్కుతో పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి 'ఫూ' అని వదలడం. మెడకు బిగుతుగా ఉన్న తాయెత్తును విప్పి చేతికి కట్టించారామె. ముడి వేసింది అవ్వే.

రెండు వారాలు బాగుంది. తర్వాత మాధవరం అమ్మాయిలతో ఆడుతూ గీత మీదే కుప్పకూలాను. "సాలు తల్లీ. పానం కంటే ఆట ఎక్కువనా?" అన్నాడు నాన్న. బావురుమని ఏడ్చాను. మేడం మాత్రం ఒక్కటే అడిగారు.

"రోజూ చేస్తున్నావా, అది వచ్చినప్పుడే చేస్తున్నావా?"

"వచ్చినప్పుడే మేడం."

"మరి కూత కూడా మ్యాచ్ రోజే నేర్చుకున్నావా?"

సిగ్గేసింది. ఆనాటినుంచి పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట తప్పలేదు. ఆ ఏడు సెలెక్షన్లు పోయాయి. మరుసటి ఏడు జట్టులో ఉన్నాను.

ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాను. పోయిన నెల ఆదోనిలో మ్యాచ్. అవతలి జట్టు రైడర్ పదహారేళ్ల పిల్ల. గీత దాటి ఊపిరి పీల్చింది. నా గొంతు వినబడింది. నా నోరేమో మూసే ఉంది.

పరుగున వెళ్లి ఆ పిల్ల భుజాలు పట్టుకున్నాను. "నా తట్టు సూడు. ముక్కుతో పీల్చు. ఫూ అను." నాలుగైదు సార్లకు సద్దుమణిగింది. వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చింది. "అందురూ గాలి సోకిందంటాండారు పాపా. ఇంగ ఆడనీకూడదనుకున్యాం."

మీకు చెప్పాలనుకున్నదే ఆమెకూ చెప్పాను. శబ్దం వచ్చినప్పుడు ఫోన్లో రికార్డు చేయండి. పీల్చేటప్పుడు వస్తోందో, వదిలేటప్పుడు వస్తోందో గమనించి డాక్టరుకు వినిపించండి. ఆస్తమాలో ఎక్కువగా వదిలేటప్పుడు వస్తుంది, దీనిలో పీల్చేటప్పుడు.

"నీకు పూరాగా పోయినాదా?" అంది.

"పోలేదమ్మా. ఆడుతాండా."

విజిల్ పడింది. నా రైడ్. వెళ్లి, ఒకరిని తాకి, గీత దాటి వచ్చి ఊపిరి పీల్చాను. పక్కనే కూర్చున్న ఆ పిల్ల కళ్లు మూసుకుని, చెవులు రిక్కించి వింటోంది. ఏమీ వినబడలేదు.