తోడుకోని పాలు

దయ్యాలంటే నాకు భయం లేదు, విసుగు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే "ఎన్ని గంటలకు? ఇంకెవరు చూశారు? అప్పుడు నీకు జ్వరమేమైనా ఉందా?" అని అడిగి నోరు మూయించేదాన్ని. చుట్టాల్లో నాకు అందుకే చెడ్డపేరు. ఇప్పుడు నేను చెప్పేది ఇంకొకరు చెప్పి ఉంటే వాళ్లనీ అలాగే సతాయించేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు. తిరుపతిలో పరిశోధన చేస్తున్నాను. మా పని పెరుగుతోనే. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవి ఒకటి ఉంది. మనిషికి హాని చెయ్యదు, తరతరాలుగా తింటున్నదే. దానిలోకి మేం ఒక కొత్త జన్యువును ఎక్కించాం.

సంగతి ఇది. రక్తనాళాల గోడల మీద మన ఒంట్లోని రక్షణ కణాలే దాడి చేస్తాయి. అక్కడ వాపు వస్తుంది, కొవ్వు పేరుకుంటుంది, నాళం మూసుకుపోతుంది. ఏ ప్రొటీన్‌ను చూసి అవి రెచ్చిపోతున్నాయో దాన్నే ఈ సూక్ష్మజీవి చేత తయారు చేయించి కడుపులోకి పంపితే, ఒళ్లు దానికి అలవాటుపడి దాడి మానుకుంటుందని మా ఆశ. సూది లేకుండా నోటితో తీసుకునే టీకా అన్నమాట. కుందేళ్లకు తాగించి చూశాం. మొదటి విడతలో కొవ్వు బాగా తగ్గింది. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ ఏడాదే మా నాయనకు గుండె రక్తనాళాల్లో మూడు చోట్ల అడ్డు ఉందని తేలింది. గుడి ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయిన మనిషి. ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఊపిరితిత్తులు బాగాలేవు కాబట్టి తట్టుకుంటాడో లేదో చెప్పలేమని కూడా వాళ్లే అన్నారు.

"కోయించుకోను గాక కోయించుకోను. పోతే ఇంట్లోనే పోతా," అని నాయన తేల్చేశాడు.

అమ్మ పోయి అప్పటికి రెండేళ్లు. ఇంట్లో మేమిద్దరమే. నాయన కూడా పోతే నాకంటూ ఎవరూ లేరు. అందుకే ఎవరూ చెయ్యకూడని పనికి సిద్ధపడ్డాను. కుందేళ్ల టీకాను నాయనకు పెట్టాలనుకున్నాను.

మాది వైష్ణవుల ఇల్లు. నాయన బయటిది ఏదీ ముట్టడు. ఇంట్లో చేసి, పెరుమాళ్లకు ఆరగింపు పెట్టిందే తింటాడు. మందని ఇస్తే సవాలక్ష ప్రశ్నలు వేస్తాడు. పెరుగైతే ఏమీ అడగడు. అంటే మా ట్యూబులోని సూక్ష్మజీవితో ఇంట్లోనే పాలు తోడేయాలి.

నిజానికి నాయనకు పెరుగు గురించే పెద్ద బాధ. అమ్మ ఉన్నన్నాళ్లూ మా ఇంటి తోడు తెగలేదు. నిన్నటి పెరుగు ఇవాళ్టికి, ఇవాళ్టిది రేపటికి. పులవకుండా అందులో చిన్న కొబ్బరి ముక్క వేసేది. ఆమె పోయినప్పుడు మైల అని పెరుగు, పచ్చళ్లు, మంచినీళ్లు అన్నీ పారబోశారు. తోడు అక్కడితో పోయింది. తర్వాత పక్కింటి వాళ్ల దగ్గర తోడు తెచ్చుకుంటున్నాం. నాయన రోజూ రెండు ముద్దలు తిని కంచం పక్కకు నెట్టేవాడు.

ఎండాకాలం. ఒకరోజు పొద్దున చిన్న స్టీలు గిన్నెను నీళ్లలో మరగబెట్టి, పాలు కాచి చల్లార్చి, ట్యూబు మొత్తం ఒంపాను. ల్యాబులో అయితే నాలుగైదు గంటల్లో గడ్డకడుతుంది. సాయంత్రం మూత తీస్తే పాలు పాల్లాగే ఉన్నాయి.

రెండో రోజు ఇంకో ట్యూబు తెచ్చాను. సగం ఇంట్లో పోసి, మిగతా సగం ల్యాబులో పాలకు కలిపాను. ల్యాబులోది మధ్యాహ్నానికే తోడుకుంది. ఇంట్లోది తోడుకోలేదు. సరే, కనీసం విరగాలి కదా? తిరుపతి ఎండకు వంటింట్లో పొద్దంతా పెట్టిన పాలు. ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే తియ్యగా ఉన్నాయి.

అయినా నేను తేలిగ్గా లొంగే రకం కాదు. ఆవుకు వేసిన మందు పాలలోకి దిగితే తోడుకోదు, అది తెలిసిన సంగతే. మూడో రోజు వేరే పాలవాడి దగ్గర పాలు పోయించుకుని మూడో ట్యూబుతో మళ్లీ తోడేసి, గిన్నెను వంటింటి గట్టు మీద పెట్టాను. నాయన భోజనం మంచం పక్కన మూతపెట్టి, ఎప్పటిలాగే బయట తాళం వేసి వెళ్లాను. ఆయన లేచి తలుపు తీయలేడని అలా చేసేదాన్ని.

ల్యాబు గుమ్మంలోనే కుందేళ్లను చూసుకునే మునిరత్నం ఎదురొచ్చాడు.

"మేడం, బిన్నా రాండి. కొత్త మందు తాగినవాటిల్లో రెండు సచ్చిపోయినాయి."

కోసి చూసేసరికి మధ్యాహ్నం దాటింది. రక్తనాళాలు వాచి, దాదాపు మూసుకుపోయి ఉన్నాయి. కొత్త విడత టీకా దాడిని ఆపాల్సింది పోయి ఇంకా రెచ్చగొట్టింది. నేను ఇంటికి తీసుకెళ్లిన మూడు ట్యూబులూ ఆ విడతవే.

ఎవరికీ చెప్పకుండా బండి తీశాను. ఒక్కసారి తింటే ఏమీ కాదని బుద్ధి చెబుతూనే ఉంది. బండి వేగం మాత్రం తగ్గించలేదు. తాళం వేసింది వేసినట్టే ఉంది. తీసి లోపలికి పరిగెత్తాను. నాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కంచం ఖాళీ. నా స్టీలు గిన్నె ఆయన పక్కన పీట మీద ఉంది, అడుగున కొంచెం పెరుగు మిగిలింది. కంచం అంచున ఒక కొబ్బరి ముక్క.

"ఇది ఈడికి ఎట్లా వచ్చింది నాయనా?"

"నువ్వే గదమ్మా పీట మీద పెట్టిపోయినావు. ఎన్నాళ్లయింది ఇట్లాంటి పెరుగు తిని! అచ్చం మీయమ్మ తోడేసినట్టే ఉండాది."

మా ఇంట్లో ఆ వారం కొబ్బరికాయ లేదు. పక్కింటి వాళ్లు మద్రాసు పెళ్లికి పోయి నాలుగు రోజులయింది. తాళంచెవి నా సంచిలోనే ఉంది.

ఆ సాయంత్రం గిన్నెలో మిగిలినదంతా గీకి ట్యూబులో పెట్టి ల్యాబుకు తీసుకెళ్లాను. మా సూక్ష్మజీవికి ఒక గుర్తు ఉంది. సూక్ష్మజీవులను పెంచే ప్లేటులో యాంటీబయాటిక్ కలిపితే, దాని మీద అది మాత్రమే చుక్కలు చుక్కలుగా పెరుగుతుంది. నా చేత్తో కోట్లకొద్దీ పోశాను కదా, ప్లేటు నిండిపోవాలి. ఒక్క చుక్క పెరగలేదు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఖాళీ. యాంటీబయాటిక్ లేని మామూలు ప్లేటు మీద మాత్రం చుక్కలు చక్కగా పెరిగాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే మామూలు ఇంటి పెరుగే.

ప్లేట్లతో గడిచిన ఆ నాలుగు రోజులూ ల్యాబులో లేని వేళంతా నాయన పక్కనే కూర్చుని నాడి చూస్తూ ఉన్నాను. ఏమీ కాలేదు. తర్వాత ఏడాదిన్నర బతికాడు. కోరుకున్నట్టే ఇంట్లోనే పోయాడు.

చుట్టాలకు చెబితే పెరుమాళ్లే కాపాడాడంటారు. ఆ మాట వినే ఓపిక లేక చెప్పలేదు. నాయనే లేచి గిన్నె తెచ్చుకుని మరిచిపోయాడని అనుకోవచ్చు. అలా అనుకున్నా ప్లేట్లు ఖాళీగా ఎందుకున్నాయో, కొబ్బరి ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. నేను చేసింది మాత్రం తప్పే, దానికి సాకు చెప్పను.

ఇంకొకటి కూడా చేశాను. పని అయిపోయిన ప్రతిదాన్నీ ఆవిరి యంత్రంలో పెట్టి చంపిన తర్వాతే పారెయ్యాలని ల్యాబులో నియమం. అయిదో రోజు అలవాటు కొద్దీ ప్లేట్లు, పెరుగు ట్యూబు అన్నీ అందులో పడేసి స్విచ్ వేశాను. ఆవిరి బుసకొడుతుంటే అక్కడే నిలబడ్డాను. అచ్చం అమ్మ తోడేసినట్టే ఉందని నాయన అన్నది అప్పుడు గానీ నాకు తట్టలేదు. స్విచ్ ఆపేసరికి వేడి చూపే ముల్లు నూట ఇరవై డిగ్రీలు దాటింది.

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని నాయన అడిగాడు.

"మొన్నటి పెరుగు మళ్లా వెయ్యలేదేమ్మా. తోడుకు రవ్వంత ఎత్తిపెట్టినావు గదా?"