గచ్చు మీద నేర్చుకున్న మంచు

మా తమ్ముడి కూతురు మోకాలికి ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చిన శీతాకాలంలోనే నేను స్కేటింగ్ నేర్చుకున్నాను. అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్లు. టెక్కలిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతాను. పరుగెత్తి ఎన్నేళ్లయిందో గుర్తులేని మనిషిని.

ఆ అమ్మాయి హైదరాబాద్‌లో ఒక మాల్‌లోని ఐస్ రింకులో కొత్తవాళ్లకు స్కేటింగ్ నేర్పేది. గడ్డకట్టిన నేల, దాని మీద అడుగున కత్తి అంచులాంటి ఇనప పలకలున్న బూట్లతో జారిపోయే మనుషులు, అన్నీ ఫోనులో చూపిస్తుంటే నోరు తెరుచుకుని చూసేవాళ్లం. ఒకరోజు ఎవరో కొత్తామె పడబోతుంటే ఆపబోయి తనే మెలికపడి పడింది. మోకాలి లోపల లిగమెంటు తెగిపోయింది. ఆపరేషన్ అయ్యాక మందస దగ్గర ఊరికి, మా తమ్ముడి ఇంటికి తీసుకొచ్చేశారు.

నేను శనివారం బడి అవగానే టెక్కలిలో బస్సెక్కి, పలాసలో మారి, సాయంత్రానికి అక్కడికి చేరేదాన్ని. తను అరుగు మీద కాలు చాపుకుని, ఎదురుగా ఉన్న జీడితోట వైపు చూస్తూ కూర్చుని ఉండేది. ఏమడిగినా ఒక్క ముక్కే జవాబు. డాక్టరు చెప్పిన వ్యాయామం చేసేది, అన్నం పెడితే తినేది, మళ్లీ తోట వైపు తిరిగేది. మా మరదలు వంటింట్లోకి పిలిచి మెల్లగా అంది.

"వదినా, ఇది మాటాడ్డం మానేసింది. నువ్వయినా కదిపి సూడు."

ఎలా కదపాలో నాకూ తెలియలేదు. మర్నాడు ఉదయం మంచం కింద చాప కోసం వెతుకుతుంటే తన సంచీ తగిలింది. అందులో ఒక జత బరువైన బూట్లున్నాయి. అడుగున ఒకే వరుసలో నాలుగు చక్రాలు.

"ఇయ్యేటే?" అన్నాను.

"ఐసు లేనప్పుడు ప్రాక్టీసుకి."

ఎందుకో నాకే తెలియదు, అరుగు మీద కూర్చుని ఒక బూటులో కాలు పెట్టాను. నాకే కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. తను తోట మీంచి చూపు తిప్పి నా పాదం వైపు చూసింది.

"తీసెయ్ అత్తా. పడిపోతావు."

"పడకుండా ఎలగో సెప్పు."

"పడకుండా ఎవులికీ రాదు. ముందుగాల పడ్డం నేర్సుకోవాల."

నెల రోజుల్లో తను అన్న పెద్ద మాట అదే. మరి నేర్పమన్నాను.

ఇంటి వెనక జీడిపిక్కలు ఆరబోసే పెద్ద గచ్చు ఉంది. వేసవిలో తప్ప ఖాళీగానే ఉంటుంది. పక్కన కొబ్బరి పీచు కుప్ప. బూట్లు లేకుండా ఆ కుప్ప మీద మొదటి పాఠం జరిగింది. ఒరిగిపోతున్నానని తెలియగానే మోకాళ్లు వంచాలి, పిర్ర వైపు మెల్లగా వాలాలి, చేతులు నేలకు ఆనించకుండా పిడికిళ్లు బిగించాలి. లేవడానికి ముందు మోకాళ్ల మీదికి రావాలి, ఒక పాదం ముందుకు పెట్టుకోవాలి, తొడ మీద రెండు చేతులూ ఆనించి లేవాలి. చీరతో కుదరదని తన పాత ట్రాక్ ప్యాంటు వేసుకున్నాను. మా మరదలు నీళ్ల బిందె చంకన పెట్టుకుని వచ్చి నిలబడిపోయింది.

"వదినా, ఏటి సేత్తన్నావు?"

"పడతన్నాను."

ఆవిడ కూతురి వైపు చూసింది. కూతురు నవ్వు ఆపుకోవడానికి శాలువా నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ బిందె సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దున్నే గచ్చు మీదికి వెళ్లేవాళ్లం. ఆ రోజుల్లో ఉద్దానం, అంటే మా జీడి, కొబ్బరి తోటల సీమ, అంతా మంచు. కొబ్బరిచెట్ల మొదళ్లు కనబడేవి కావు, తలలు మాత్రం పైన తేలుతూ ఉండేవి. సముద్రం దూరంలో ఉన్నా దాని హోరు చెవి పక్కనే వినిపించేది. తను గచ్చు అంచున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. నేను నాలుగడుగులు ముందుకు వేస్తే తను మసకయ్యేది, పదడుగులు వేస్తే తన గొంతు మాత్రం మిగిలేది.

"కిందకి సూడకు. పాదాలు ఎక్కడికీ పోవు."

"మోకాళ్లు వొంచు. ఇంకాస్త."

"సేతులు ముందుకి పెట్టు. బల్ల మీద ఆనించినట్టు."

మొదటి రెండు వారాలూ నడవడమే. బడిపిల్లలు డ్రిల్లులో చేసినట్టు ఒక్కో కాలూ ఎత్తి దించడం. మూడో వారం మూడడుగులు వేసి, రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి ఊరుకోమంది. ఊరుకున్నాను. నేను ఊరుకున్నా నేల ఊరుకోలేదు, మెల్లగా నా కిందనుంచి వెనక్కి జరగడం మొదలుపెట్టింది. మంచు చెంపలకు తగిలి తడిగా పక్కలకు విడిపోయింది. నా బరువు ఎక్కడో జారిపోయినట్టయింది. గచ్చు చివర ఎండుటాకుల్లో ఆగేదాకా ఊపిరి పీల్చుకోవడం మర్చిపోయాను.

"పడ్డావా అత్తా?" మంచులోంచి గొంతు.

"లేదే. వచ్చేశాను."

"ఎక్కడికి?"

చక్రాల్లో ఇరుక్కున్న ఎండుటాకులు తీసి మళ్లీ తన గొంతు వైపు నడిచాను.

తర్వాత చేప బొమ్మ గీయడం నేర్పింది. మడమలు కలిపి, వేళ్లు బయటికి పెట్టి, పాదాలను విడిపోనిచ్చి, మళ్లీ వేళ్లు లోపలికి తిప్పి దగ్గరికి తెచ్చుకుంటే, గచ్చు మీద తడిలో చక్రాలు చేప ఆకారం గీస్తాయి. ఒకదాని వెనక ఒకటి ఐదు చేపలు గీసిన రోజున తిరిగి చూసుకుని చాలాసేపు నిలబడ్డాను. ఎండ పైకి వచ్చి ఒక్కొక్క చేపనే తాగేసింది.

ఆ రోజే తను తనంతట తాను చెప్పింది. బూట్ల తాళ్లు విప్పుకుంటున్నాను.

"ఐసు నాకు కల్లోకి వత్తంది అత్తా. కల్లో కూడా గోడ పట్టుకునే ఉంటన్నాను. వొదల్లేను."

ఏదైనా మంచిమాట చెప్పాలనిపించింది. వచ్చే వారం ఏం నేర్పుతావని మాత్రం అడిగాను. ఆగడం నేర్పుతానంది.

చక్రాల బూటుకు మడమ దగ్గర రబ్బరు ముక్క ఉంటుంది, దాన్ని నేలకు రాస్తే ఆగుతాం. ఐసు బూటుకు అది ఉండదట. రెండు పాదాల వేళ్లనూ లోపలికి తిప్పి, మడమలను బయటికి నెట్టి, అంచులతో ఐసును గీకాలట. అది గచ్చు మీద సాధ్యం కాదు గనుక కుర్చీలో కూర్చునే పాదాలతో చేసి చూపించింది. ఆపరేషన్ చేసిన కాలు కూడా కదులుతోందని నేను గమనించాను, తను గమనించలేదు.

జీడి పూత వాసన ఊరంతా పట్టిన రోజుల్లో డాక్టరుకు చూపించుకోవడానికి హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది. తోడుగా నేను బయల్దేరాను. డాక్టరు కాలు వంచి, చాపి, నడిపించి చూసి, మోకాలికి పట్టీ వేసుకుని నెమ్మదిగా స్కేటింగ్ మొదలుపెట్టవచ్చన్నాడు. బయటికి వచ్చాక తను బస్టాండు వైపు తిరిగింది. రింకు చూపించమని నేనే అడిగాను.

తను రింకు గాజు గోడకు అవతల బెంచీ మీద కూర్చుంది. నేను కత్తి బూట్లు కట్టించుకుని లోపలికి దిగాను. గచ్చు మీద నేర్చుకున్నదంతా అక్కడ మొదటి అడుగుకే చెల్లకుండా పోయింది. ఐసు చాలా నిశ్శబ్దంగా ఉంది. దాని లోపలినుంచి తెల్లటి వెలుతురు వస్తున్నట్టుంది, చలి బూట్ల గుండా పైకి పాకుతోంది. రెండుసార్లు పడ్డాను, రెండుసార్లూ మోకాళ్ల మీదికి వచ్చి లేచాను. తర్వాత మోకాళ్లు వంచి, ముందుకు చూసి, గోడ వదిలేశాను.

జారాను. ఎంత సులువుగా జారానంటే రింకు నడుమకు వచ్చేశానని ఆగాక గాని తెలియలేదు. నాలుగు వైపులా గోడలు ఎంతో దూరంలో ఉన్నాయి. అప్పుడు భయం వేసింది. నిజంగానే కాలు కదల్లేదు. గాజు వైపు తిరిగి చెయ్యెత్తాను.

తను లేచి నిలబడింది. గాజుకు చేతులు ఆనించి ఏదో చెప్పింది, వినబడలేదు. నేను తల అడ్డంగా ఊపాను. కాసేపటికి గాజు దగ్గర తను లేదు. మళ్లీ కనబడేసరికి గేటు దగ్గర ఉంది, మోకాలికి పట్టీ, కాళ్లకు బూట్లు, రెండు చేతులూ గోడ మీద.

చాలాసేపు అలాగే ఉంది. ఒక చెయ్యి వదిలింది. రెండోది వదిలింది. అడుగు ఎత్తకుండానే నా వైపు వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"ఎందుకింత దూరం వచ్చేసినావు?" అంది.

"ఆగడం రాలేదు."

నన్ను గోడ దాకా తీసుకొచ్చి వదిలింది. వదిలి, బయటికి పోకుండా, వెనక్కి తిరిగి ఒక్కతే వెళ్లింది. అందరికంటే మెల్లగా, గోడకు చేరువగా ఒక చుట్టు. రెండో చుట్టు గోడకు కాస్త దూరంగా. నా ముందునుంచి పోతున్నప్పుడు నన్ను చూడలేదు, ముందుకే చూస్తోంది. కళ్లు తుడుచుకోవడానికి కూడా ముందుకు చాపిన చేతులు తీయలేదు.

జీడి కాపు అయ్యాక తను మళ్లీ ఉద్యోగానికి వెళ్లింది. మొదట్లో రోజుకు ఒక్క బ్యాచే తీసుకునేది. ఇప్పుడు మామూలుగానే చేస్తోంది, చలి ఎక్కువగా ఉన్న రోజు మోకాలు పీకుతుందని ఫోనులో అంటుంది. నేను ఐసు మీదికి మళ్లీ వెళ్లలేదు. టెక్కలిలో బడి ప్రార్థన జరుగుతున్నప్పుడు, పిల్లలందరూ కళ్లు మూసుకున్నాక, నేనూ మూసుకుని రెండు మోకాళ్లూ కొంచెం వంచి చూస్తాను. నేల కదులుతుంది.