తీగ లేని గ్రైండరు

ముందే చెబుతున్నాను, నేను కోతలు కోసే మనిషిని. మా ఇంట్లో చీమ కుడితే గాజువాక చేరేసరికి అది తేలవుతుంది. నా మాటల్లో సగం తీసేసి చదువుకోండి. దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదన్నది మాత్రం ఆ తీసేసే సగంలో వెయ్యకండి.

కాలిపోయిన చోట్లకు వెళ్లి, నిప్పు కరెంటు వల్ల పుట్టిందో కాదో తేల్చడం నా ఉద్యోగం. పాతికేళ్లుగా విశాఖలో మాడిన ప్రతి తీగనూ వాసన చూశాను. ఇంట్లో పాలు మాడినా మా ఆవిడ రిపోర్టు అడుగుతుంది.

ఒక ఏడాది ఆయుధపూజ నాడు ఆటోనగర్‌లో ఒక షెడ్డు కాలిపోయింది. ఓడరేవంత షెడ్డు. సరే, నాలుగు లారీలు పడతాయి. తప్పంతా ఎలక్ట్రీషియన్ ఎల్లాజీదేనని యజమాని పోలీసులకు చెప్పేశాడు. నా రిపోర్టు కూడా ఔనంటే అతను జైలుకే.

"పండగనాడు మిషన్లకి సెలవు కద సార్. ఫీజులు పీకీసి, బొట్టెట్టి, దేవుడి పటం ముందెట్టినాను. అప్పన్న మీదొట్టు," అన్నాడు ఎల్లాజీ.

"మరి కరెంటెలాగొచ్చిందిరా? అప్పన్న పంపించాడేటి?" అన్నాడు యజమాని.

ఆ వెటకారంలో న్యాయముంది. కరెంటున్న తీగ మంటల్లో తెగితే చివర నున్నటి రాగి పూస కడుతుంది. షెడ్డులో ఇనుము సానబట్టే గ్రైండరు తీగకు ఆ పూస ఉంది. తీగను కత్తిరించి, కవర్లో పెట్టి సీలు వేసి, సంచిలో వేసుకున్నాను. పూస అబద్ధం చెప్పదు. ఎల్లాజీని చూస్తే అతనూ చెబుతున్నట్టు లేడు. ఇద్దరి మాటా నిజమయ్యే దారి దొరికేదాకా సంతకం పెట్టనని భీష్మించాను.

ఎల్లాజీని వెంటపెట్టుకుని మూడు రోజులు బూడిద జల్లెడ పట్టాను. మూడో రోజు మిట్టమధ్యాహ్నం, స్తంభం దగ్గరే కరెంటు తీసేసిన ఆ షెడ్డులో, గోడవారన బల్లకు బిగించిన గ్రైండరు తిరిగింది.

నింపాదిగా నాలుగు చుట్లు. దాని తీగ నా భుజాన సంచిలో ఉంది. నేను కొండలా కదలకుండా నిలబడ్డాను.

ఆ అదురుకి వెనక గోడ మీది మసి పెచ్చులుగా రాలింది. అక్కడొక కన్నం, అందులోంచి ఒక నల్లటి తీగ. టెస్టరు పెడితే వెలిగింది. పక్క షెడ్డువాళ్లను అడిగితే తేలింది, అది ఎల్లాజీ పనిలో చేరకముందు, ఎప్పుడో కరెంటు పోయినప్పుడు పక్క షెడ్డు నుంచి గ్రైండరు స్విచ్చుకి లాక్కుని, తియ్యడం మరిచిపోయిన లైను. ఫీజులు దేవుడి ముందున్నా కరెంటు గోడ దాటి వచ్చింది. రిపోర్టులో అదే రాశాను. ఎల్లాజీ జోలికి మళ్లీ ఎవరూ రాలేదు.

గ్రైండరు తిరిగిన సంగతి మాత్రం రాయలేదు. విప్పి చూస్తే లోపల కాయిళ్లు కరిగి ముద్దయిపోయాయి. ఇద్దరం కలిసి చేత్తో తిప్పినా కదల్లేదు. అది ఎలా తిరిగిందో ఈ రోజుకీ చెప్పలేను.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, కొండలా నిలబడడం. నిజానికి ఒక చెప్పు అక్కడే వదిలేసి గేటు దాకా పరిగెత్తాను. ఎల్లాజీ వెంటపడి నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీరెలిపోతే నన్నెవుడు నమ్ముతాడు సార్? రండి, అదేటో సూసీసెల్దాం," అంటూ నన్ను లోపలికి లాక్కెళ్లాడు.