కుడిచేతి బొటనవేలు

పిఠాపురంలో యాత్రికుల చేత పిండాలు పెట్టించడం మా ఇంటి వృత్తి. రైలు పడ్డాక జనం మరీ ఎక్కువయ్యారు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, "బొటనవేలు ఎడంగా పెట్టండి, చెయ్యి కుడివైపుకి వంచండి. నీళ్లు ఆ సందులోంచి జారాలి, వేళ్ల కొసల్లోంచి కాదండీ" అని గొంతు చించుకునేవాణ్ణి. పోయిన పెద్దలకు నీళ్లు వదిలే పద్ధతి అది. నాకు మొదటినుంచీ ముక్కుమీద కోపం. ఇంత చిన్న పని చేతకాదేం వీళ్లకి అని విసుక్కునేవాణ్ణి.

ఒకనాడు తెల్లవారి లేవబోతే నా కుడివైపు నాతో లేవలేదు. పక్షవాతం అన్నారు. కొన్నాళ్లకి మాట తిరిగొచ్చింది, కాలు ఈడ్చుకుంటూ నడక కూడా వచ్చింది. చెయ్యి మాత్రం పిడికిలి బిగించుకుని, బొటనవేలిని లోపల దాచుకుని, పొట్టకి ఆనుకుని ఉండిపోయింది.

నా భార్య పోయి అప్పటికే చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. యాత్రికుల పని తమ్ముడు చూసుకునేవాడు. పొద్దున్నే వెళ్లిపోయేవాడు. మరదలు బావగారి ఎదుటికి రాదు, అది మర్యాద. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన అక్క వంటకోసం మడి కట్టుకునేది. మడిలో ఉన్న మనిషి దగ్గరికి నేను పోకూడదు. వసారాలో నేనూ నా చెయ్యీ మిగిలేవాళ్లం. వీధిలో పోయేవాళ్లు "ఎలా ఉందండీ" అని అడిగి, జవాబు వినకుండానే సాగిపోయేవారు. చెప్పొద్దూ, ఒక్కొక్కప్పుడు ఏడుపొచ్చేది.

ఎడమచేత్తో తినడం మా ఇంట్లో ఊహకైనా రాని మాట. అందుకని మధ్యాహ్నం అక్కే వచ్చి ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. ఆవిడది ఒంటిపూట భోజనం. నా ఎంగిలి తగిలింది కాబట్టి మళ్లీ నూతి దగ్గర స్నానం చేసి, మడి కట్టుకుని, అప్పుడు తాను తినాలి. అప్పటికి పొద్దు వాలేది. అయినా తొందరపడేది కాదు. "చిన్నప్పుడూ ఇంతేరా నువ్వు, వంకాయ ముక్క కనబడితే నోరు మూసేసేవాడివి. అమ్మ నీతో ఎంత విసిగిపోయేదనీ!" అనేది. రోజు మొత్తానికి నాకు దక్కిన కబుర్లు అవే.

వైద్యుడు తైలమిచ్చి, "రాసి ఊరుకుంటే లాభం లేదండి, వేళ్లు రోజూ మీరే విప్పాలి" అన్నాడు. అక్క ఒప్పుకుంటేనా! "కదపకురా, నరం తెగిపోతుంది" అని నా చేతిని ఉత్తరీయంలో చుట్టి ఒళ్లో పెట్టేది.

ఇంతలో అమ్మ తద్దినం దగ్గరపడింది. "ఈ ఏడు నేను కానిచ్చేస్తాలే అన్నయ్యా, నువ్వు కూర్చుని చూద్దువుగాని" అన్నాడు తమ్ముడు. వాడు మంచికే అన్నాడు, నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఊరందరి అమ్మలకీ నీళ్లు వదిలించినవాణ్ణి, పెద్దకొడుకుని, మా అమ్మకి వదల్లేనా?

అక్క మడిలో ఉండే వేళే నాకు వీలు. చుట్టిన ఉత్తరీయం తీసేసి, ఎడమచేత్తో ఒక్కొక్క వేలూ విప్పి, అరచేతిని అరుగు మీద పరిచి, ఒంటి బరువంతా దానిమీద వేసేవాణ్ణి. నొప్పికి ప్రాణం పోయేది. ఆ తర్వాత బొటనవేలి పని. నీళ్లతో సాధన చేస్తే ఇంట్లో ఊరికే తర్పణం వదిలినట్టవుతుంది, అది అశుభం. అందుకని గుప్పెడు పెసలు తెచ్చుకున్నాను. అరచేతిలో పోసుకుని వంచితే అన్నీ చిటికెనవేలి వైపు నుంచి కింద పడేవి. యాత్రికులని కసిరినట్టే ఆ వేలిని కసిరేవాణ్ణి, బతిమాలేవాణ్ణి. మాట్లాడ్డానికి ఇంకెవరున్నారు గనక? ఒకరోజు కొన్ని పెసలు సరైన సందులోంచి జారాయి. పట్టరాని సంతోషంతో చుట్టూ చూశాను. ఎవరూ లేరు. వాటిని ఏరుకుని మళ్లీ పోసుకున్నాను.

తద్దినం నాడు తమ్ముడు పీట మీద కూర్చోబోతుంటే, "లేవరా, నేను కూర్చుంటాను" అన్నాను. వాడు బిత్తరపోయి లేచాడు. వాడే నా అరచేతిలో నువ్వులూ నీళ్లూ పోశాడు. బొటనవేలు వణికిందే గాని కదల్లేదు. వాడు సాయానికి చెయ్యి చాచాడు, వద్దన్నాను. కాసేపటికి అది మెల్లిగా పక్కకి జరిగింది. నీళ్లు జారవలసిన చోటు నుంచే జారాయి. వంటింటి గుమ్మంలో అక్క కొంగుతో కళ్లొత్తుకుంది. నేను అందరిముందూ ఏడ్చేశాను. ఆ పూట నా చేత్తో నేనే తిన్నాను. మెతుకులు సగం విస్తరి బయటే పడ్డాయి.

మర్నాడు మధ్యాహ్నం అక్క విస్తరి వేసి, అన్నీ ఒకేసారి వడ్డించి, లోపలికి వెళ్లి తనూ భోజనానికి కూర్చుంది. ఇన్నాళ్లకి ఆవిడ వేళకి తినడం, అదీ వేడిగా. నాకు సంతోషమే. ముద్ద కలిపాను, నోటిదాకా వచ్చింది. ఇంట్లో ఎక్కడా చప్పుడు లేదు.

"అక్కా" అన్నాను.

"ఏం కావాల్రా?" అంది లోపలినుంచి.

చెయ్యి తిరిగొచ్చిన మనిషిని, ఏం కావాలని చెప్పను?

"ఏం లేదే, నువ్వు తిను" అన్నాను.