కబురు చేస్తం

పోయిన ఆదివారం నేను కారేపల్లిలో మా అక్క ఇంట్లో ఉండగా, అక్క కూతురికి హైదరాబాదు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఉద్యోగం రాలేదు. పిల్ల మొహం చిన్నబుచ్చుకుని లోపలికి పోబోతుంటే మా బావ ఆపి, ఏం రాశారో చదవమన్నాడు. రాత పరీక్ష బాగా చేశావు, మాట్లాడే పరీక్షలో తడబడ్డావు, అది సరిచేసుకుని ఆర్నెల్ల తర్వాత మళ్లీ రా అని రాశారు. బావ రెండోసారి కూడా చదివించుకున్నాడు. "కంపెనోళ్లు గిట్ల కూడ చెప్తరా?" అని నావైపు చూశాడు. ఆ చూపులో అనుమానమేమీ లేదు. కంపెనీ ఆఫీసులో పనిచేసినదాన్ని కాబట్టి అడిగాడు, అంతే.

ఇప్పుడంటే మా బావ జామాయిల్ కర్ర డిపోలో వాచ్‌మన్ గానీ, ఒకప్పుడు ఆయన స్టీరింగు పట్టుకుంటే చూడాలి! భద్రాచలం అడవి దారిలో, ఎదురుగా బస్సొస్తే తప్పుకోవడానికి జానెడు చోటు లేని మలుపుల్లో, నిండు కర్రల లారీని అవలీలగా వెనక్కి తీసేవాడు. లారీ కడిగినంత శ్రద్ధగా మొహం కడుక్కోడని అక్క దెప్పిపొడిచేది. "నా మొహానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఎవడడుగుతడే?" అని ఆయన నవ్వేవాడు.

నేనప్పుడు బొగ్గు మీది మట్టి తీసే ఒక కాంట్రాక్టు కంపెనీలో కొత్తగా చేరిన టైపిస్టుని. ఆ మట్టి మోసే డంపర్ల డ్రైవర్లకు పరీక్ష మా కిటికీ ఎదురుగానే జరిగేది. అందులో నెగ్గితే ఇల్లు నిలబడ్డట్టే. కానీ ముప్పై అయిదు దాటితే తీసుకోరు, బావకు మూడేళ్లే మిగిలాయి. ఏడాదికొకసారి మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ డంపర్ని సూదిలో దారం ఎక్కించినట్టు రివర్స్ తీశాడు. మూడుసార్లూ నేను టైపు చేసిన కాగితంలో ఒకే ముక్క: ఎక్కే ముందు బండి చుట్టూ తిరిగి చూడలేదు. గని దగ్గర అది ప్రాణాల మీది రూలు. టైర్లు, బ్రేకులు, వెనక మనుషులెవరైనా ఉన్నారా అన్నీ చూసుకుని ఎక్కాలి. చూడకపోతే మిగతాదెంత బాగా చేసినా ఫెయిలే. కానీ బావ చూశాడు! పొద్దున్నే, పరీక్ష పెట్టే సారు రాకముందే, వంగి వంగి ఒక్కో టైరునూ తట్టి చూడటం నేను కిటికీలోంచి కళ్లారా చూశాను. సారు వచ్చాక మాత్రం చక్రానికి దండం పెట్టి నేరుగా ఎక్కేసేవాడు.

ఫెయిలైనవాళ్లకు కారణం చెప్పకూడదని మా ఆఫీసు పద్ధతి. చెబితే వాదనకు దిగుతారట. "కబురు చేస్తం, పో" అని పంపేవాళ్లు. ఆ మాట నమ్మి, ఫోను స్నానాల గది గుమ్మం మీద పెట్టుకుని నీళ్లు పోసుకునేవాడు పిచ్చి మనిషి. చొక్కా బాగాలేదేమోనని రెండోసారికి కొత్తది కుట్టించుకున్నాడు. అప్పుడూ కబురు రాకపోయేసరికి నన్నడిగాడు. "మరదలా, నువ్వు కాయితం చూస్తవ్ గద. నాల ఏం తక్కువున్నదే?"

"నాకు తెల్వది బావా" అన్నాను. మీవాళ్లకు లోపలి మాట అందిందో, కుర్చీ ఖాళీ చేయాల్సొస్తుందని మా ఆఫీసు సారు అప్పటికే హెచ్చరించాడు. ఆ కుర్చీ కోసం, సిగ్గు విడిచి చెబుతున్నాను, మా అక్క పిల్లల నోటికాడి కూడు తీశాను. మూడోసారితో ఆయన వయసు దాటింది. ఆ ఏడే లారీ కూడా మానేశాడు. కనీసం ట్రాక్టరైనా తోలమంటే, "నాతోని కాదు, వేరేటోళ్లను చూసుకోన్రి" అనేవాడు. బద్ధకమని అక్క తిట్టేది, నేను పక్కన కూర్చుని ఊఁ కొట్టేదాన్ని. తర్వాత ఆ ఉద్యోగం నేనే మానేశాను. భయం పోయింది గానీ, దాని చోట సిగ్గొచ్చి కూర్చుంది.

ఆదివారం ఇక దాచలేకపోయాను. "బావా, నువ్వు మంచిగనే నడిపినవ్. ఎక్కేముందు సారు చూస్తుండంగ బండి చుట్టూ తిరగలే. గదొక్కటే తప్పు."

"గంతేనా? అంత పెద్ద సారును ఎండల నిలవెట్టి, నేను టైర్లు చూస్కుంట ఉంటనా? మర్యాద గాదని ముందుగాలనే చూసిన" అన్నాడు.

"తెలుసు బావా. నేను చూసిన."

అక్క బియ్యం చెరుగుతున్న చేట కింద పెట్టేసింది. నా మొహం చూడలేదు. బావ తిట్టినా బాగుండేది. "నాకు డ్రైవింగే రాదనుకున్న గదనే" అన్నాడు మెల్లగా. "ఎవల పానమన్న తీస్తనేమోనని భయమైంది. గందుకే మల్ల బండి ముట్టలే." తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, డ్యూటీ వేళైందని లేచి డిపోకు నడిచిపోయాడు.

ఆ మాట చెప్పడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. ఆ నిమిషం రావడానికి పన్నెండేళ్లు పట్టింది. బావకిప్పుడు నలభై ఏడు.